గుమాస్తా నియామక పత్రంలో పనినీ, నైపుణ్య స్థాయినీ ఎలా రాయాలి

"ఆఫీసు అసిస్టెంటుగా నియమించడమైనది. యాజమాన్యం అప్పగించిన పనులన్నీ చేయవలెను." చిన్న సంస్థలు గుమాస్తాలకిచ్చే నియామక పత్రాల్లో పని గురించి చాలాసార్లు ఉండేది ఈ రెండు వాక్యాలే. చేరిన రోజున ఇద్దరికీ అదే చాలనిపిస్తుంది. ఆర్నెల్లు తిరిగేసరికి బిల్లులు కొట్టడానికి వచ్చిన మనిషి క్యాష్ కౌంటర్లో కూర్చుంటాడు, జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంటుంది, మధ్యాహ్నాలు గోడౌన్‌లో సరుకు లెక్క కూడా చూస్తుంటాడు. క్యాష్‌లో నాలుగు వేలు తగ్గినప్పుడో, జీతం పెంచమని అడిగినప్పుడో పత్రం తీసి చూస్తే యజమానికీ పనికిరాదు, ఉద్యోగికీ పనికిరాదు.

ఇక్కడ ఉదాహరణగా ఒక హార్డ్‌వేర్, పెయింట్ల హోల్‌సేల్ షాపును తీసుకున్నాం. అందులో బిల్లింగ్, స్టాకు, క్యాషు, అకౌంట్స్ చూసే గుమాస్తాలు ఉంటారు. ప్రైవేటు ఆస్పత్రి అయినా, స్కూలు ఆఫీసు అయినా, చిట్‌ఫండ్ కంపెనీ అయినా పద్ధతి మారదు.

ఇది ఇప్పుడు ఇష్టం ఉంటే చేసే పని కూడా కాదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం 10 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థ ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. ఆ కోడ్ కింద 2020లో కేంద్రం వెలువరించిన ముసాయిదా నియమాల్లో పత్రంలో ఏమేం ఉండాలో చెప్పారు. హోదాతో పాటు నైపుణ్య వర్గం, చేయాల్సిన పనుల స్థూల స్వభావం, పై స్థాయికి లేదా ఎక్కువ జీతానికి వెళ్లే మార్గం కూడా అందులో ఉన్నాయి. ఈ మూడింటినే మన పత్రాలు ఖాళీగా వదిలేస్తున్నాయి.

ముందు నెల రోజుల పని రాసుకోండి

డ్యూటీలను ఊహించి రాయొద్దు. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా దించితే మీ షాపులో లేని పనులు వస్తాయి, ఉన్నవి రావు. ఇప్పుడు ఆ సీట్లో ఉన్న మనిషి చేత ఒక నెల పాటు రోజూ సాయంత్రం పది నిమిషాలు రాయించండి. వారం చాలదు. జీఎస్టీ రిటర్నులు నెలవారీగా దాఖలు చేసేవాళ్లకు 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క, చెల్లింపు) ఉంటాయి. 7వ తేదీలోపు జీతాలు వేయాలి, నెలాఖరుకు స్టాకు సరిచూడాలి. ఒక్క వారమే చూస్తే వీటిలో సగం జారిపోతాయి. జారిపోయిన పని పత్రంలోకి ఎక్కదు, పత్రంలో లేని పని గురించే తర్వాత గొడవ వస్తుంది.

కాగితం మీద నాలుగు గడులు చాలు: చేసిన పని, ఎంత తరచుగా, దేని ఆధారంగా (ఆర్డరు ఫారమా, ఫోన్లో చెప్పిందా, తానే నిర్ణయించుకున్నదా), తప్పు జరిగితే ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది. చివరి గడిని జాగ్రత్తగా నింపించండి. స్థాయిలు తేల్చేటప్పుడు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. బిల్లులో రేటు తప్పు పడితే కౌంటరు దగ్గరే దొరుకుతుంది. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీ కోసం సరుకు రకాన్ని చెప్పే అంకె) తప్పు పడితే నెలల తర్వాత నోటీసు రూపంలో బయటపడుతుంది. రెండూ బిల్లింగే, కానీ రెండిటికీ కావలసిన మనిషి ఒకడే కాదు.

నెలాఖరుకు పాతిక నుంచి నలభై దాకా పనులు తేలతాయి. ఒకే వస్తువు చుట్టూ తిరిగేవాటిని కలిపి ఎనిమిది నుంచి పన్నెండు వరుసలకు తగ్గించండి. ఒక్కోదానికి నెలలో ఎంత సమయం పోతుందో ఉజ్జాయింపుగా శాతం వేయండి. పది శాతం దాటే ప్రతి పనీ పత్రంలో విడిగా ఉండాలి. అంతకన్నా తక్కువైనా డబ్బు, పన్ను, పాస్‌వర్డ్‌లతో సంబంధం ఉంటే దాన్నీ విడిగానే రాయాలి.

ఒక్కో పనిని రాసే తీరు

ప్రతి వరుసలో నాలుగు సంగతులు తెలియాలి: ఏం చేయాలి, దేని మీద, ఎంతవరకు సొంతంగా, ఎప్పటిలోగా. "బిల్లింగ్ చూసుకోవాలి" అన్న మాటలో ఒక్కటీ లేదు. దాని బదులు ఇలా రాయొచ్చు:

"సేల్స్‌మన్ సంతకం చేసిన ఆర్డరు ఫారం ప్రకారం సంస్థ వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌వాయిస్ తయారు చేయాలి. ధర ఆ రోజు అమల్లో ఉన్న రేట్ల పట్టికలోనిదే వేయాలి. డిస్కౌంటు 2 శాతం దాటితే సేల్స్ మేనేజరు సంతకం తీసుకోవాలి. సాయంత్రం 5 గంటలలోపు అందిన ఆర్డర్లకు అదే రోజు ఇన్‌వాయిస్ పూర్తి చేయాలి."

ఈ-వే బిల్లుకు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద పోర్టల్లో తీసే పత్రం): "సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే బండి కదలకముందే ఈ-వే బిల్లు తీయాలి. దారిలో బండి మారితే పార్ట్-బీలో కొత్త నంబరు ఎక్కించాలి. సరుకు బయల్దేరకపోతే బిల్లు తీసిన 24 గంటలలోపు రద్దు చేయాలి." ఈ 24 గంటల మాట ఎందుకంటే, ఆ గడువు దాటితే పోర్టల్ రద్దు చేయనివ్వదు. తీయడం ఒకరి పని, రద్దు ఎవరి పనీ కాదు అన్నట్టుంటే లారీ రాని ప్రతి సాయంత్రం ఒక పనికిరాని బిల్లు మిగిలిపోతుంది.

"చూసుకోవాలి", "సహకరించాలి", "సమన్వయం చేయాలి" అనే క్రియలు కనబడితే కొట్టేయండి. రాయాలి, సరిచూడాలి, లెక్కపెట్టాలి, దాఖలు చేయాలి, అప్పగించాలి, రసీదు ఇవ్వాలి వంటి, జరిగిందో లేదో చూసి చెప్పగలిగే క్రియలు వాడండి. సాఫ్ట్‌వేర్ పేరు పత్రంలో బిగించొద్దు. రేపు ట్యాలీ నుంచి ఇంకోదానికి మారితే "నా పత్రంలో ఇది లేదు" అన్న మాట వస్తుంది. పేరు కావాలనుకుంటే అనుబంధంలో రాయండి.

క్యాషు ముట్టుకునే వాళ్ల పత్రాన్ని ఇంకా శ్రద్ధగా రాయాలి. డబ్బు తగ్గితే జీతంలోంచి కోయడం చాలా షాపుల్లో అలవాటు. నాలుగు లేబర్ కోడ్‌లలో ఒకటైన వేతన కోడ్ ఆ కోతను కొన్ని షరతులతోనే ఒప్పుకుంటుంది: ఆ డబ్బుకు లెక్క చెప్పాల్సిన బాధ్యత ఆ ఉద్యోగిదై ఉండాలి, నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లో తప్పు వల్లో జరిగి ఉండాలి, కోతకు ముందు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మొత్తం కోతలు ఆ నెల జీతంలో సగం దాటకూడదు. కౌంటరుకు ముగ్గురు చేతులు పెట్టే షాపులో ఒక్కరి జీతం కోయడం అన్యాయం, పైగా చట్టం ముందు నిలవదు కూడా. కాబట్టి పత్రంలో ఇలా ఉండాలి: "ఉదయం 9.30కి చేతికిచ్చిన చిల్లర మొత్తాన్ని రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. షిఫ్టు నడుస్తున్నంతసేపు డ్రాయరు తాళం తన వద్దే ఉండాలి. రాత్రి లెక్క ముగించి మేనేజరు ఎదుట అప్పగించి సంతకం తీసుకోవాలి." తాళం యజమాని దగ్గర కూడా ఉంటే బాధ్యత వాక్యం రాయనే రాయొద్దు.

"ఇతర పనులు" అన్న వాక్యం పూర్తిగా తీసేయక్కర్లేదు, హద్దు గీస్తే చాలు. "పై పనులకు సంబంధించినవి, ఇదే స్థాయికి తగినవి అయిన ఇతర పనులు అప్పగించవచ్చు. వేరే స్థాయి పనిని వరుసగా 15 రోజులకు మించి అప్పగిస్తే రాతపూర్వకంగా తెలియజేసి, ఆ రోజులకు ఆ స్థాయి జీతం చెల్లిస్తారు." ఈ 15 రోజులు మీ సెలవుల తీరును బట్టి తగ్గించుకోవచ్చు. రోజుల సంఖ్య ఏదో ఒకటి మాత్రం ఉండాలి.

స్థాయిలను దేనితో కొలవాలి

చాలామంది "0-2 ఏళ్లు జూనియర్, 2-5 సీనియర్" అని రాసి ఊరుకుంటారు. ఏళ్లు నైపుణ్యానికి కొలత కావు. ఆరేళ్లుగా ఒకే రకం వోచరు ఎక్కిస్తున్న మనిషి, రెండేళ్లలో బ్యాంకు రికన్సిలియేషన్ (బ్యాంకు లెక్కతో పుస్తకాలు సరిపోల్చడం) సొంతంగా ముగించే అమ్మాయి కన్నా ఆ లెక్కన పై మెట్టు మీద ఉంటాడు. ఆ పట్టిక చూసిన అమ్మాయి ఉద్యోగం మానేస్తుంది.

నాలుగు ప్రశ్నలతో కొలవండి. పని ఏ రూపంలో చేతికొస్తుంది, ఒక్కో అడుగూ చెప్పాలా, ఫలితం చెబితే చాలా? మామూలుకు భిన్నమైన కేసు వస్తే ఏం చేయాలి, ఆపి అడగాలా, తానే తేల్చాలా? అతని పనిని ఎవరు, ఎన్నిటికి ఎన్ని సరిచూస్తారు? డబ్బు విషయంలో అతని సంతకం ఎంతవరకు చెల్లుతుంది? దేశవ్యాప్త నైపుణ్య అర్హతల చట్రాన్ని 2013లో ప్రకటించినప్పుడు కూడా పని ప్రక్రియ, వృత్తి జ్ఞానం, వృత్తి నైపుణ్యం, మూల నైపుణ్యాలు, బాధ్యత అనే అయిదు కొలతలు పెట్టారు. అక్కడా ఏళ్ల లెక్క లేదు.

అకౌంట్స్ గుమాస్తాకు మూడు స్థాయిలు ఇలా వస్తాయి.

మొదటి స్థాయి: కొనుగోలు బిల్లులు, ఖర్చు వోచర్లు ఇచ్చిన లెడ్జరు (ఖాతా) పేర్ల పట్టిక ప్రకారం ఎక్కిస్తారు. బిల్లు మీద జీఎస్టీ నంబరు, తేదీ, పన్ను మొత్తం ఉన్నాయో లేదో చూసి, లేకపోతే పక్కన పెట్టి చెబుతారు. ఏ లెడ్జరులో వేయాలో తెలియకపోతే సస్పెన్స్‌లో (తేలని లెక్కలు తాత్కాలికంగా వేసే ఖాతాలో) వేయకుండా అడుగుతారు. ఎక్కించినవన్నీ వారానికోసారి పైవారు సరిచూస్తారు. డబ్బు మీద అధికారం లేదు.

రెండో స్థాయి: ప్రతి శనివారం బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలు సరిపోల్చి తేడాలకు కారణం రాస్తారు. సరఫరాదారులు చూపిన బిల్లులు పోర్టల్లో జీఎస్టీఆర్-2బీలో (కొనుగోళ్ల మీద దొరికే పన్ను జమ జాబితాలో) కనబడుతున్నాయో లేదో నెలనెలా చూసి, కనబడనివాటికి ఆ పార్టీలకు స్వయంగా ఫోన్ చేస్తారు. వారి పనిలో పదికి ఒకటి చొప్పున సరిచూస్తే చాలు. చిల్లర ఖర్చులకు 2,000 రూపాయల వరకు వోచరు మంజూరు చేయవచ్చు.

మూడో స్థాయి: జీఎస్టీఆర్-1, 3బీ లెక్కలు సిద్ధం చేసి ఆడిటరుతో నేరుగా మాట్లాడతారు. టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) ఎక్కడ కోయాలో నిర్ణయిస్తారు. మొదటి స్థాయి వారి ఎంట్రీలు సరిచూస్తారు. కొత్త లెడ్జరు తెరవడం, తప్పు ఎంట్రీని జర్నలు (సవరణ ఎంట్రీ) ద్వారా సవరించడం వీరి చేతిలోనే ఉంటుంది. పని ముగిసిందని వీరు చెబితే ముగిసినట్టే.

ప్రతి స్థాయిలోనూ "చేస్తారు" అన్నదాంతో పాటు "ఆపుతారు", "అడుగుతారు" అన్నవి కూడా రాశాం చూడండి. కింది స్థాయి గుమాస్తా నైపుణ్యం చాలావరకు ఎక్కడ ఆగాలో తెలియడంలోనే ఉంటుంది. అది రాయకపోతే చురుకైన కుర్రాడు తెలియని బిల్లును ఏదో ఒక లెడ్జరులో వేసేస్తాడు. మార్చిలో ఆడిటరు పట్టుకునేదాకా ఎవరికీ తెలియదు.

మూడు చాలు. పది మంది గుమాస్తాలకు అయిదారు మెట్లు పెడితే పక్కపక్క మెట్ల మధ్య తేడా మాటల్లో చెప్పలేరు, చెప్పలేని తేడాకు జీతం తేడా ఇస్తే అలకలు తప్పవు.

కొలవగలిగినచోట అంకె పెట్టండి, ఎలా కొలుస్తారో కూడా రాయండి. తెలుగు రాష్ట్రాల్లో సాంకేతిక విద్యా మండళ్లు జరిపే టైప్‌రైటింగు పరీక్షల్లో ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి 30 పదాలు, హయ్యరుకు 45. ఉత్తరాలు టైపు చేసే పనికి ఈ కొలత సరిపోతుంది. బిల్లుల ఎంట్రీకి పదాల లెక్క కుదరదు, ఎక్కువ భాగం అంకెలే కదా. అక్కడ గంటకు ఎన్ని కీలు అన్నది వాడతారు. కేంద్ర ప్రభుత్వ డేటా ఎంట్రీ పోస్టుల పరీక్షల్లో కనిపించే గంటకు 8,000 కీల ప్రమాణం, పదానికి అయిదు కీల లెక్కన నిమిషానికి సుమారు 27 పదాలు అవుతుంది. వేగం కన్నా తప్పుల హద్దు ముఖ్యం. "మీ దగ్గరున్న పాత 50 కొనుగోలు బిల్లులు ఇచ్చి, ఎక్కించాక రెండుకు మించి తప్పులు లేకుండా" అని రాస్తే పరీక్ష పెట్టడం సులువు, ఫలితం మీద వాదన ఉండదు. తెలుగులో టైపింగు కావాలంటే ఏ కీబోర్డు లేఅవుట్ అన్నది కూడా రాయాలి. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవారు యాపిల్ లేఅవుట్ మీద మొదటి రోజే వేగం చూపలేరు.

చట్టం చెప్పే వర్గంతో కలపడం

మీ అంతర్గత స్థాయి వేరు, కనీస వేతన ఉత్తర్వుల్లోని వర్గం వేరు. పత్రంలో రెండూ రాయాలి. కేంద్ర పరిధిలోని కనీస వేతన పట్టికల్లో నైపుణ్యం లేని, అర్ధ నైపుణ్య, నైపుణ్య, అధిక నైపుణ్య వర్గాలుంటాయి. గుమాస్తా పనిని అక్కడ నైపుణ్య వర్గంతో కలిపే చూపిస్తారు. ఢిల్లీలో మాత్రం గుమాస్తాలు, సూపర్‌వైజర్లకు మెట్రిక్ పాసు కానివారు, పాసై డిగ్రీ లేనివారు, డిగ్రీ ఉన్నవారు అని చదువును బట్టి వర్గాలు చేశారు. మన రెండు రాష్ట్రాల్లో ఉత్తర్వులు రంగాలవారీగా ఉంటాయి: షాపులు, వాణిజ్య సంస్థలకు ఒకటి, ఆస్పత్రులకు ఒకటి, ఇలా. ఊరిని బట్టి జోన్లు కూడా ఉంటాయి. కరవు భత్యం ధరల సూచీని బట్టి ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. మీ రంగం ఉత్తర్వు తెరిచి, మీ మనిషి చేసే పనికి దగ్గరి హోదా ఏదో చూసి, ఆ హోదా పేరును యథాతథంగా పత్రంలో ఎక్కించండి. రూపాయల అంకెతో పాటు "ఎప్పటికప్పుడు సవరించే కరవు భత్యంతో సహా" అని రాయకపోతే ఆరు నెలల్లోనే పత్రం పాతబడుతుంది.

ఇక్కడ తరచూ జరిగే తప్పు: కనీస వేతనం తగ్గించుకోవడానికి బిల్లింగ్ క్లర్కును "హెల్పర్" అని రాయడం. ఇన్‌స్పెక్టరు చూసేది కంప్యూటరులో ఎవరి లాగిన్‌తో బిల్లులు పడ్డాయన్నది. పత్రంలో హెల్పర్, సిస్టంలో రోజుకు అరవై ఇన్‌వాయిస్‌లు అంటే బకాయి మొత్తం ఒక్కసారిగా మెడకు చుట్టుకుంటుంది.

ఒకే మనిషి రెండు వర్గాల పని చేస్తుంటే, ఉదయం గోడౌన్‌లో లోడింగు, మధ్యాహ్నం బిల్లింగు అనుకోండి, వేతన కోడ్ ప్రకారం ఏ పనికి ఎంత సమయమో ఆ సమయానికి ఆ పని రేటు ఇవ్వాలి. సమయం విడదీసి రాసే ఓపిక లేకపోతే మొత్తానికి పై వర్గం రేటే ఇవ్వడం మేలు. అలాగే ఒకే పని చేసే ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు హోదాలు పెట్టి జీతంలో తేడా చూపడం ఆ కోడ్ ఒప్పుకోదు. "రిసెప్షనిస్టు" పేరుతో ఉన్న అమ్మాయి, "ఆఫీసు ఎగ్జిక్యూటివ్" పేరుతో ఉన్న అబ్బాయి ఒకే రకం పని చేస్తుంటే ఈ కసరత్తు చేస్తున్నప్పుడే సరిదిద్దండి.

సూపర్‌వైజర్ అన్న పేరు గురించి

గుమాస్తాకు "సూపర్‌వైజర్" అనో "అసిస్టెంట్ మేనేజర్" అనో పేరు పెడితే కార్మిక చట్టం వర్తించదని కొందరి నమ్మకం. 1985లో సీబా గైగీ కేసులో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్న తేల్చింది: ప్రధానంగా చేసే పని ఏమిటన్నదే చూడాలి, అప్పుడప్పుడు చేసే పర్యవేక్షణ పనులు, హోదా పేరు ఆ స్వభావాన్ని మార్చవు. గుమాస్తా పని పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ స్పష్టంగా కార్మికుల నిర్వచనంలోనే ఉంది. సూపర్‌వైజరీ హోదాలో నెలకు 18,000 రూపాయలకు మించి తీసుకునేవారిని కోడ్ ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. నిజంగా పర్యవేక్షణే చేస్తుంటే ఎవరి సెలవు మంజూరు చేస్తారు, ఎవరి పని పంచుతారు, ఎవరి మీద నివేదిక రాస్తారు అన్నవి పత్రంలో ఉండాలి. రాయడానికి అలాంటివి లేకపోతే ఆ పేరు తీసేయండి.

ప్రొబేషన్, స్థాయి మార్పు

ప్రొబేషన్ మూడు నెలలని రాసి వదిలేయకుండా, ఏ పని ఏ ప్రమాణంతో చేయగలిగితే ఖాయం చేస్తారో ఆ స్థాయి వరుసల్లోంచే మూడు నాలుగు ఎత్తి రాయండి. పొడిగించే వీలుంటే గరిష్ఠంగా ఎన్నిసార్లో చెప్పండి. ఖాయం చేసిన కాగితం లేకుండా రెండేళ్లు ప్రొబేషన్‌లో ఉంచినవాళ్లతోనే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

పై స్థాయికి వెళ్లే మార్గం ఒక్క పేరాలో చాలు: ఎప్పుడు అడగవచ్చు, ఎవరు పరీక్షిస్తారు, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, కాదంటే కారణం రాసివ్వాలా. కారణం రాసివ్వడమే మంచిది. ఏం నేర్చుకోవాలో మనిషికి తెలుస్తుంది.

కింది స్థాయికి మార్చడం, పనుల జాబితాను గ్రేడుతో సహా మార్చడం మీ ఒక్కరి సంతకంతో కాదు. గ్రేడుల వర్గీకరణలో మార్పుకు ముందస్తు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 9ఏ చెప్పేది. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అదే 21 రోజుల నోటీసు కొనసాగింది. అందుకే పనుల జాబితాను పత్రం మధ్యలో కాకుండా తేదీ, కూర్పు నంబరు వేసిన అనుబంధంగా జత చేయండి. చిన్న మార్పులకు ఆ ఒక్క కాగితం మార్చి ఇద్దరూ సంతకం చేస్తే చాలు.

పత్రం తెలుగులో ఇవ్వండి, లేదా రెండు భాషల్లోనూ ఇచ్చి, తేడా వస్తే ఏది చెల్లుతుందో రాయండి. ప్రతి పేజీ మీదా ఇద్దరి సంతకం, ఒక ప్రతి ఉద్యోగి చేతికి. ఆ ప్రతి అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే అలవాటు మానుకోండి, చూసి తిరిగిచ్చేయండి.

అనుబంధం చివర అప్పగింతల జాబితా ఉంచితే వెళ్లేరోజు గందరగోళం ఉండదు: పాస్‌వర్డ్‌లు, రసీదు పుస్తకాల నంబర్లు, చిల్లర డ్రాయరు తాళం, చేతిలో పెండింగున్న రిటర్నులు. పని మానినవారికి జీతం బకాయి రెండు పని దినాల్లో చెల్లించాలని వేతన కోడ్ చెబుతోంది కాబట్టి ఈ జాబితా ముందే ఉండాలి. అప్పగింతలు కాలేదని ఆ డబ్బు ఆపలేరు.